పిడుదు కడుపులో జబ్బు జాడ: గిండీలో క్రిస్టోఫర్స్ చదివిన కుక్కల జ్వరం

పెంపుడు కుక్క జ్వరంతో తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, మూత్రం కాఫీ రంగుకు తిరిగితే పశువైద్యుడు ముందుగా వెతికేది పిడుదుల కోసం. చెవుల లోపల, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో చూస్తాడు. తర్వాత చుక్క రక్తం గాజుపలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతాడు. ఎర్ర రక్తకణంలో బొట్టు ఆకారంలో జంటగా అతుక్కుని ఉన్న పరాన్నజీవి కనిపిస్తే అది బబేసియా.

ఈ పరాన్నజీవి కుక్క రక్తంలోంచి పిడుదులోకి, అక్కడి నుంచి ఇంకో కుక్కలోకి ఏ దారిన పోతుందో తొలిసారి వివరంగా పరిశీలించి రాసిన చోటు మద్రాసులోని గిండీ. సంవత్సరం 1907. ఆ పని చేసినది ఇండియన్ మెడికల్ సర్వీస్ అధికారి శామ్యూల్ రికార్డ్ క్రిస్టోఫర్స్. మలేరియా చరిత్రలో ఆయనది పెద్ద పేరు. ఆ పేరు నీడలో కుక్కల మీద చేసిన పని మరుగున పడింది. అయితే ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఆ పనిలోనూ ఉంది. పైకి ఆరోగ్యంగా కనిపించే ప్రాణిలో జబ్బు దాగి ఉంటే ఏం చేయాలి? ఆ ప్రాణికి వైద్యం చేయాలా, దూరంగా తోసేయాలా? వీధికుక్కల విషయంలో ఈ దేశం ఇప్పటికీ అదే ప్రశ్న దగ్గర నిలబడి ఉంది.

లివర్‌పూల్ నుంచి ఆఫ్రికా తీరానికి

క్రిస్టోఫర్స్ 1873 నవంబర్ 27న లివర్‌పూల్‌లో పుట్టాడు. అక్కడి యూనివర్సిటీ కాలేజీలో చదివి 1896లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. మరుసటి ఏడాది ఆగస్టులో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. జ్వరాల గురించి అప్పటిదాకా ఉన్న ఆలోచన తలకిందులైంది. చిత్తడి నేలల గాలిని అనుమానించిన వైద్యులు పురుగుల కడుపులు కోయడం నేర్చుకోవలసి వచ్చింది.

1898లో రాయల్ సొసైటీ, బ్రిటిష్ వలసల శాఖ కలిసి మలేరియా కమిషన్‌ను వేశాయి. జె.డబ్ల్యు.డబ్ల్యు. స్టీఫెన్స్, సి.డబ్ల్యు. డేనియల్స్‌తో పాటు పాతికేళ్ల క్రిస్టోఫర్స్ అందులో సభ్యుడయ్యాడు. స్టీఫెన్స్, క్రిస్టోఫర్స్ ఆఫ్రికాలో ఫ్రీటౌన్, అక్రా, లాగోస్ వంటి చోట్ల పిల్లల రక్తం పరీక్షించారు. ఆడుతూ పాడుతూ తిరిగే చిన్నపిల్లల రక్తంలో మలేరియా పరాన్నజీవులు విపరీతంగా ఉన్నాయి. పెద్దవాళ్లలో చాలా తక్కువ. చిన్నతనంలో పదేపదే జబ్బు తగిలి, దాన్ని తట్టుకునే శక్తి వయసుతో వస్తోందన్నమాట. మలేరియా విజ్ఞానంలో అది గొప్ప ముందడుగు.

ఆ పరిశీలన నుంచి వాళ్లు తీసిన సిఫారసు మాత్రం వేరే కథ. పిల్లలే జబ్బుకు నిల్వ కాబట్టి యూరోపియన్లు ఆఫ్రికన్ల ఇళ్లకు దూరంగా నివాసాలు కట్టుకోవాలన్నారు. 1904లో ఫ్రీటౌన్ పైన కొండ మీద తెల్లవాళ్ల కోసం హిల్ స్టేషన్ వెలిసింది. రక్తం చుక్కలో కనిపించిన నిజం ఊరి మధ్య గీతగా మారింది. జబ్బును మోస్తున్న పిల్లలకు వైద్యం చేయడం కన్నా వాళ్ల నుంచి దూరం జరగడమే వలస ప్రభుత్వాలకు సులువనిపించింది. క్రిస్టోఫర్స్ జీవితాన్ని చెప్పేటప్పుడు ఈ అధ్యాయాన్ని దాటవేయడం కుదరదు.

మద్రాసులో ఒక పొరబాటు పేరు

కమిషన్ పని మీద భారతదేశానికి వచ్చిన క్రిస్టోఫర్స్ 1902లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరాడు. అదే ఏడాది లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంట్‌లో ఎస్.పి. జేమ్స్‌తో కలిసి దోమల నిర్మూలన ప్రయోగం మొదలుపెట్టాడు. గుంటలు పూడ్చారు, కాలువలు శుభ్రం చేశారు. అయినా మలేరియా ఆశించినంత తగ్గలేదు. రాస్ ఆగ్రహించాడు. ప్రయోగం సరిగా చేయలేదన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. వాహకమేదో తెలిసినంత మాత్రాన జబ్బు అదుపులోకి రాదని క్రిస్టోఫర్స్‌కు అక్కడ అర్థమైంది.

తర్వాతి మజిలీ మద్రాసు. గిండీలో 1899లో మశూచి టీకా మందు తయారీ కోసం ఒక సంస్థ వెలిసింది. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ డబ్ల్యు.జి. కింగ్ పేరు మీద అది కింగ్ ఇన్‌స్టిట్యూట్ అయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. 1904లో క్రిస్టోఫర్స్ ఆ సంస్థకు తొలి డైరెక్టర్ అయ్యాడు.

అప్పటికి మద్రాసు ఒక కొత్త పరాన్నజీవి గురించి మాట్లాడుకుంటోంది. 1903లో మద్రాసు జనరల్ హాస్పిటల్ వైద్యుడు చార్లెస్ డోనవన్, ప్లీహం వాచిన రోగుల్లో చిన్న చిన్న అండాకార కణాలను చూశాడు. ఇంగ్లండులో విలియం లీష్మన్ కూడా డమ్‌డమ్ నుంచి వచ్చిన ఒక సైనికుడి ప్లీహంలో అవే చూశాడు. అవి కాలా అజార్ కారకాలు. పారిస్‌లో లావెరాన్, మెస్నిల్ ఆ కణాలను పరిశీలించి పైరోప్లాస్మా జాతిలో చేర్చారు. పశువుల్లో, కుక్కల్లో పిడుదుల వల్ల వచ్చే జ్వరాల పరాన్నజీవులకు అప్పట్లో ఆ పేరే ఉండేది. ఇప్పుడు మనం బబేసియా అంటున్నది దాన్నే. తర్వాత కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఆ కణాలను పరీక్షనాళికలో పెంచి చూస్తే వాటికి తోకలు మొలిచాయి. పైరోప్లాస్మాకు తోకలుండవు. పేరు తప్పని తేలిపోయింది.

ఈ గందరగోళం మధ్యే క్రిస్టోఫర్స్ కాలా అజార్ కణాల మీద వరుస నివేదికలు రాశాడు. మద్రాసులో పైరోప్లాస్మా అన్న మాట అలా చర్చకు వచ్చింది. అసలు పైరోప్లాస్మా ఎలా బతుకుతుందో తెలుసుకోవాలంటే దూరం పోనక్కర్లేదు. మద్రాసు కుక్కల్లోనే అది ఉంది.

పిడుదును కోసి చూస్తే

పిడుదుల వల్ల జబ్బులు వస్తాయన్న సంగతి అప్పటికే కొంత తెలుసు. అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లోనే పశువుల టెక్సాస్ జ్వరాన్ని పిడుదులు మోస్తాయని నిరూపించారు. రాస్ సికింద్రాబాద్ పరిశోధన కన్నా నాలుగేళ్ల ముందు మాట ఇది. దక్షిణాఫ్రికాలో చార్లెస్ లౌన్స్‌బరీ 1901లో కుక్కల కామెర్ల జ్వరాన్ని పిడుదులు అంటిస్తాయని చూపాడు. తెలియనిదల్లా పిడుదు లోపల ఏం జరుగుతుందన్నదే.

మన ఊళ్లలో గోమారు అని కూడా పిలిచే గోధుమరంగు కుక్క పిడుదు, రైపిసెఫాలస్ సాంగ్వినియస్, విచిత్రమైన జీవి. గుడ్డులోంచి ఆరు కాళ్ల పిల్ల పుడుతుంది. కుక్కనెక్కి కొన్ని రోజులు రక్తం తాగి, కిందికి రాలిపోయి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల నింఫ్ అవుతుంది. అది మళ్లీ కుక్కనెక్కి, తాగి, రాలి, పెద్ద పిడుదుగా మారుతుంది. మూడోసారి ఎక్కిన ఆడ పిడుదు శనగగింజంత ఉబ్బి, రాలిపోయి, గోడ పగుల్లోనో తలుపు సందులోనో వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. బతుకులో కుక్క ఒంటి మీద గడిపే రోజులు కొద్ది, నేలలోనూ గోడలోనూ గడిపేవే ఎక్కువ.

అందుకే దీన్ని చదవడం దోమను చదవడం కన్నా కష్టం. దోమ ఒక్క రూపంలోనే రక్తం తాగుతుంది, అది నిమిషాల పని. పిడుదు ఒక రూపంలో తాగిన జబ్బును మరో రూపంలో అంటిస్తుంది. క్రిస్టోఫర్స్ జబ్బు కుక్కల రక్తం తాగిన పిడుదుల్లో పరాన్నజీవిని దశల వారీగా వెతికాడు. పిడుదు కడుపులో అది గద ఆకారపు కణాలుగా మారడం చూశాడు. అవి పేగు గోడ దాటి ఆడ పిడుదు అండాశయానికి, గుడ్లలోకి చేరడం గమనించాడు. అంటే తల్లి తాగిన జబ్బు, ఒక్క కుక్కనైనా కరవని పిల్లల్లోకి పుట్టుకతోనే వస్తుంది. ఇక నింఫ్ తాగిన జబ్బు పెద్ద పిడుదు లాలాజల గ్రంథుల్లోకి చేరుతుంది. అది కరిచినప్పుడు కొత్త కుక్కకు ఎక్కుతుంది.

1907లో భారత ప్రభుత్వ వైద్య, పారిశుద్ధ్య శాఖల సైంటిఫిక్ మెమాయిర్స్‌లో 29వ సంచికగా ఈ పని అచ్చయింది. దానికి తోడు మరొకటి ఉంది. అస్సాంలో బెంట్లీ, జేమ్స్ 1905లో కుక్కల తెల్ల రక్తకణాల్లో ఒక వింత పరాన్నజీవిని చూశారు. దాన్ని ఇప్పుడు హెపటోజూన్ కేనిస్ అంటారు. అదే కుక్క పిడుదులో దాని జీవితచక్రాన్ని కూడా క్రిస్టోఫర్స్ వర్ణించాడు. ఈ జబ్బు కాటు వల్ల రాదని, దురద పుట్టి ఒళ్లు కొరుక్కునే కుక్క పిడుదును మింగితే వస్తుందని తర్వాతి కాలంలో తేలింది.

గిండీలో ఆయన చూసిన బబేసియా ఇప్పటి లెక్కలో బబేసియా వోగెలి. 1936లో హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ అదే పిడుదులో ఈ పరాన్నజీవిని మళ్లీ పరిశీలించాడు. కాలా అజార్‌ను ఇసుక ఈగ కాటు అంటిస్తుందని 1942లో సి.ఎస్. స్వామినాథ్, ఆండర్సన్‌లతో కలిసి నిరూపించిన షార్ట్ ఈయనే. ఎనభై ఏళ్లు దాటాక 1973లో మరోసారి ఆయన కుక్క బబేసియా మీదే వ్యాసం ప్రచురించాడు. క్రిస్టోఫర్స్ గిండీలో తెరిచిన దారి అంత కాలం నడిచింది.

నక్క రక్తంలో

1910లో అదే కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన వాల్టర్ స్కాట్ పాటన్ ఇంకో సంగతి బయటపెట్టాడు. మద్రాసు హంట్ అనే వేట క్లబ్బు కుక్కల రక్తంలో చిన్న సైజు పైరోప్లాస్మా ఒకటి కనిపించింది. వెతికితే అదే నక్కల రక్తంలోనూ ఉంది. నక్కే దీనికి సహజమైన ఆశ్రయమని పరిశోధకులు భావించారు. దాని పేరు ఇప్పుడు బబేసియా గిబ్సోనీ.

ఆఫ్రికా పిల్లల రక్తంలో కనిపించిన సూత్రమే ఇక్కడా ఉంది. జబ్బు ముదిరి పడిపోయిన జంతువు అందరికీ కనిపిస్తుంది. జబ్బుతో రాజీపడి తిరిగే జంతువు కనిపించదు. ఒకసారి బబేసియా వచ్చి కోలుకున్న కుక్క రక్తంలో ఆ పరాన్నజీవి నెలలూ ఏళ్లూ ఉండిపోవచ్చు. మరో పిడుదు ఆ రక్తం తాగితే చక్రం మళ్లీ మొదలు.

పంజాబ్ చెప్పిన లెక్క

1908లో పంజాబ్‌లో మలేరియా విరుచుకుపడి లక్షల మంది ప్రాణాలు తీసింది. దాన్ని విచారించే పని క్రిస్టోఫర్స్‌కు అప్పగించారు. ఆయన ఊరూరి మరణాల లెక్కలు తీసి, పాత దశాబ్దాల వర్షపాతంతో, ధాన్యం ధరలతో పక్కపక్కన పెట్టి చూశాడు. భారీ వర్షాలు పడిన ఏడాదికి ముందు కరువు, అధిక ధరలు ఉంటే మరణాలు విపరీతంగా పెరిగాయి. దోమ ఒకటే అయినా, ఆకలితో ఉన్న ఒంటిని ఆ జ్వరం చంపేస్తోంది. 1911లో వచ్చిన ఈ నివేదిక ఆధారంగా పంజాబ్‌లో మలేరియా ముందస్తు అంచనాలు చాలాకాలం సాగాయి.

ఆఫ్రికాలో జనాన్ని వేరు చేయమన్న యువకుడే, పుష్కరం తిరక్కుండానే, జబ్బు మూలం తిండి గింజల ధరలో కూడా ఉందని వలస ప్రభుత్వానికి రాసి ఇచ్చాడు. ప్రభుత్వం దాన్ని ఎంత పట్టించుకుందన్నది వేరే సంగతి. పరాన్నజీవి, వాహకం, ఆశ్రయం, పరిసరాలు అనే నాలుగింటినీ కలిపి చూడటం ఆయన పద్ధతి అయింది. పిడుదుల విషయంలోనూ పనికొచ్చేది ఆ పద్ధతే.

కసౌలీ నుంచి కేంబ్రిడ్జ్ దాకా

1910లో కసౌలీలో ఏర్పడిన సెంట్రల్ మలేరియా బ్యూరోను క్రిస్టోఫర్స్ చూసుకున్నాడు. హిమాలయాల అంచున ఉన్న ఆ ఊరికి కుక్కలతో మరో సంబంధం ఉంది. 1900లో భారతదేశపు తొలి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ అక్కడే మొదలైంది. కుక్క కరిచినవాళ్లు టీకా కోసం దూర ప్రాంతాల నుంచి అక్కడికి చేరేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో సైన్యానికి మలేరియా పనిచేసి తిరిగొచ్చిన క్రిస్టోఫర్స్, కసౌలీలోని సెంట్రల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్ అయ్యాడు. 1926లో రాయల్ సొసైటీ ఫెలోషిప్, 1931లో సర్ బిరుదు వచ్చాయి.

1932లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లాడు. భారత ఉపఖండపు అనాఫిలిస్ దోమల మీద ఆయన గ్రంథం 1933లో వచ్చింది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్‌లో కొన్నేళ్లు ప్రొఫెసర్‌గా ఉండి, తర్వాత కేంబ్రిడ్జ్‌లో ల్యాబొరేటరీ బల్ల ముందు కూర్చున్నాడు. ఏడిస్ ఈజిప్టై దోమ మీద ఆయన బృహద్గ్రంథం 1960లో అచ్చయ్యేనాటికి ఆయనకు 86 ఏళ్లు. 1978 ఫిబ్రవరి 19న, 104 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. క్షేత్రస్థాయిలో చేసిన పనికి రాయల్ సొసైటీ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ అండ్ హైజీన్ ఆయన పేరుతో పతకం ఇస్తోంది.

గోడ పగుల్లో మిగిలిన పాఠం

గిండీ నివేదిక వచ్చి శతాబ్దం దాటింది. మద్రాసులోనే 1944లో కుక్కల ఎర్లికియా జ్వరం నమోదైంది. అదే గోధుమరంగు పిడుదు దాన్నీ మోస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోయి కుక్క ముక్కు నుంచి రక్తం కారడం దాని గుర్తుల్లో ఒకటి. దానికి డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడతారు. బబేసియా వోగెలికి ఇమిడోకార్బ్ పనిచేస్తుంది. పాటన్ చూసిన గిబ్సోనీ ఆ మందుకు సరిగా లొంగదు, ఖరీదైన అటొవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వాల్సి వస్తుంది. రక్తపరీక్ష లేకుండా పిడుదు జ్వరమని ఒకే మాటతో మందు రాయడం అందుకే ప్రమాదం.

జబ్బు రాకుండా చూడటం వీటన్నిటికన్నా సులువు, చౌక. నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే ఐసోక్సాజోలిన్ మాత్రలు, వీపు మీద పోసే మందులు, పట్టీలు ఇప్పుడు దొరుకుతున్నాయి. కుక్క బరువును, వయసును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. మూర్ఛలున్న కుక్కకు ఆ మాత్రలు సరిపడకపోవచ్చు. పర్మెత్రిన్ ఉన్న మందు కుక్కకు వాడితే ఇంట్లో పిల్లి ప్రాణం మీదికి రావచ్చు. పొలానికి తెచ్చిన పురుగుమందును నీళ్లలో కలిపి కుక్కకు స్నానం చేయించడం విషం పెట్టడంతో సమానం. బబేసియా కుక్కకు ఎక్కడానికి సాధారణంగా పిడుదు ఒకటి రెండు రోజులు అతుక్కుని ఉండాలి కాబట్టి, రోజూ ఒళ్లు తడిమి పట్టకారుతో చర్మం దగ్గర పట్టి పిడుదును నిటారుగా లాగేయడం వృథా కాదు. ఎర్లికియా అయితే కొన్ని గంటల్లోనే ఎక్కగలదు. చేత్తో ఏరడం ఒక్కటే చాలదనడానికి కారణం అదే.

కుక్కకు మందు వేసి గోడను వదిలేస్తే సగం పనే. పడక కింద, మెట్ల సందుల్లో, గోడ పగుళ్లలో గుడ్లు పొదుగుతూనే ఉంటాయి. కుక్క పడుకునే బట్టలు వేడినీళ్లలో ఉతకడం, పగుళ్లు పూడ్చడం, నెలల తరబడి మందు ఆపకుండా కొనసాగించడం కలిస్తేనే చక్రం తెగుతుంది. మన వాతావరణంలో పిడుదుకు సెలవుకాలం ఉండదు.

ఇదే చూపుతో వీధికుక్కల చర్చను గమనించాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని ఆదేశించింది. పదకొండు రోజులకు దాన్ని సవరించి, స్టెరిలైజేషన్, టీకా, నులిపురుగుల మందు తర్వాత పట్టుకున్న చోటే వదలాలంది. నవంబర్‌లో మాత్రం బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దని చెప్పింది. కుక్కకాట్లు, రేబిస్ మరణాలు నిజమైన భయాలు, వాటిని తక్కువ చేయలేం. కానీ ఇరుకు షెల్టర్ ఈ పిడుదుకు స్వర్గం. ఇళ్లలో, కుక్కల శాలల్లో పెరగడానికే అలవాటుపడిన పురుగు ఇది. ఒక్క వాహక కుక్క చాలు, గోడలు నిండటానికి కొన్ని నెలలు పడుతుంది. పట్టుకున్న ప్రతి కుక్కకూ టీకాతో పాటు పిడుదు మందు కూడా ఇవ్వడం, షెల్టర్ గోడలను, నేలను లెక్కలో పెట్టుకోవడం జరగకపోతే, ఒక జబ్బు నుంచి కాపాడే పని ఇంకో జబ్బుకు ఇల్లు కట్టడమే అవుతుంది.

ఫ్రీటౌన్ కొండ మీద ఇళ్లు కట్టుకున్నందువల్ల కింద ఊళ్లో పిల్లల జ్వరం తగ్గలేదు. జబ్బు దాగిన చోటికే వైద్యం వెళ్లాలని ఆయన పని మొత్తం కలిపి చూస్తే తెలుస్తుంది. మద్రాసు కుక్కల రక్తం, వాటి పిడుదుల కడుపులు చెప్పిన సంగతి కూడా ఇదే.